పండుగ పెట్టె

సంవత్సరమున కొకసారి మాత్రమే తెరచు పెట్టె యొకటి అనేక గృహములలో కలదు. అందు నగలుండవు, ధనముండదు. పాతగుడ్డలలో చుట్టిన బొమ్మలు, పూసల చిలుకలు, వన్నె తగ్గిన జరీ పేలికలు ఉండును. వెలగట్టువానికి అవి అల్పములు. ఆ యింటివారికి అమూల్యములు. ఇందులకు కారణమేమి?

కర్నూలు, కడప ప్రాంతములలో శరన్నవరాత్రులకు బొమ్మల కొలువు పెట్టు ఆచారము కలదు. కోస్తా జిల్లాలలో సంక్రాంతి కొలువు ఎక్కువ. రాయలసీమలో దసరాకే ప్రాధాన్యము. ఆశ్వయుజ శుద్ధ పాడ్యమినాడు పెట్టె తెరచి, మూడో, అయిదో, ఏడో మెట్లు కట్టి, వాటిపై తెల్లని వస్త్రము పరచి, బొమ్మల నమర్తురు. పేరంటమునకు వచ్చిన స్త్రీలకు పసుపు, కుంకుమ, తాంబూలము ఇత్తురు. విజయదశమి గడచిన పిదప బొమ్మలు మరల పెట్టె చేరును.

కొన్ని కుటుంబముల కొలువులో ఎర్రచందనపు దంపతుల బొమ్మలకు ప్రత్యేక స్థానము కలదు. శేషాచలము, పాలకొండలు, లంకమల, వెలిగొండ మొదలగు కొండల రాతినేలలే ఎర్రచందనమునకు పుట్టినిల్లు. ఆ చెట్టు మెల్లగా పెరుగును. దాని చేవ నీటిలో మునుగునంత బరువైనది. చెదలకు త్వరగా లొంగదు. అందుచే అమ్మమ్మ పెండ్లినాటి బొమ్మ మనుమరాలి చేతికి చెక్కుచెదరక రాగలదు. పెండ్లికూతునకు పుట్టినింటివారు ఈ జంటబొమ్మల నిచ్చుట దక్షిణదేశమున అనేక కుటుంబముల ఆచారము. బొమ్మను చెక్కినవాడు శిల్పియే యైనను, దానికి బట్టకట్టునది ఇంటి ఆడబిడ్డ. తల్లి పెండ్లిచీర చెరగు, చంటిబిడ్డ తొలి చొక్కా ముక్క, ఏది కట్టినను అది ఒక దినమును గుర్తుచేయును.

ఇట్టి పెట్టె ఒక మతమువారికే పరిమితము కాదు. లండన్ మిషనువారు 1822లో కడపలో పని ప్రారంభించిరి. కాలక్రమమున ఈ సీమలో క్రైస్తవ కుటుంబములు పెరిగినవి. డిసెంబరు రాగానే వెదురు చీల్చి నక్షత్రపు చట్రము కట్టి, రంగుకాగితము అంటించి, లోపల దీపముంచి వాకిట వ్రేలాడగట్టుదురు. కాగితము చిరిగినను గట్టి చట్రము మరుసటి ఏటికి మిగులును. క్రిస్మస్ చెట్టును అలంకరించు ఆచారము జర్మనీ దేశమున పెంపొందినది. విక్టోరియా రాణి కుటుంబము అట్టి చెట్టు చుట్టును నిలిచిన చిత్రము 1848లో లండను పత్రికలో వెలువడిన పిదప ఇంగ్లండున అది మిక్కిలి వ్యాపించెను. అచ్చటి యిండ్లలోను బిడ్డలు చేసిన కాగితపు గొలుసులను తల్లులు దాచి, ఏటేట చెట్టునకు కట్టుదురు. దేశము వేరు, మతము వేరు. పెట్టె మాత్రము ఒక్కటియే.

చేతితో చేసిన వస్తువు జ్ఞాపకమును ఎట్లు నిలుపును? మొదటి కారణము దాని లోపము. అచ్చున పోసినవి నూరును ఒక్కరీతిగా ఉండును. చేతితో చేసినదానికి కన్ను వంకరగానో, ముక్కు పొట్టిగానో ఉండును. ఆ వంకరయే చేసినవారి చేవ్రాలు. రెండవ కారణము దాని రాక. నిత్యము ఎదుటనున్న వస్తువును కన్ను చూచియు చూడదు. ఏడాదికొకసారి కనబడుదానిని మనస్సు క్రొత్తగా చూచును. మూడవది మాట. బొమ్మ నమర్చుచు పెద్దలు, అది ఎవరు చేసినదో, దాని చేయి ఎప్పుడు విరిగినదో చెప్పుదురు. ఈ మూడింటిలో మాటయే ప్రధానము.

కరవుసీమలో ఈ సంగతి మరింత స్పష్టమగును. ఇచ్చట వానలు తక్కువ. 1876 మొదలు 1878 వరకు సాగిన ధాతకరవు ఈ సీమను మిక్కిలి పీడించినది. పంట పోయినపుడు మొదట కుదువకు పోవునది బంగారము. గడప దాటిన గాజులు తిరిగి రాకపోవచ్చును. మట్టిబొమ్మను, పూసల చిలుకను షావుకారు ముట్టడు. కావున వెలగల సొమ్ము పోయిన యింట వెలలేని బొమ్మయే పూర్వుల గుర్తుగా మిగులును.

ఐనను ఒక అపాయము కలదు. బొమ్మ నిలిచినను దాని కథ నిలువకపోవచ్చును. చెప్పువారు గతించి, అడుగువారు లేనిచో, పెట్టెలో మిగులునది వట్టి కొయ్యయే. ఎర్రచందనపు చెట్టును కాపాడుటకు అడవిలో కావలివారు కలరు. 1995 నుండి ఆ కలప విదేశ వ్యాపారముపై అంతర్జాతీయ నియంత్రణ కలదు. ఇంటి మాటకు కావలివా రెవరు? ఆ యింటి పిల్లలే. పెట్టె తెరచిన దినమున ప్రతి బొమ్మ అడుగునను చిన్న చీటీ అంటించి, చేసినవారి పేరు, ఇచ్చినవారి పేరు, సంవత్సరము వ్రాయవలెను. తెలియనిచో అవ్వనో, జేజినో అడుగవలెను. అడుగుట ఆలస్యమైన కొలది జవాబు చెప్పువారు తగ్గిపోవుదురు.