పెరటి కోడి మింగినది ఏమిటి?

కోడి కడుపులో రాయి ఉండటం రోగం కాదు. పళ్లు లేని ఈ పక్షికి కందనకాయే దవడ, అందులో నిలిచిన గులకరాళ్లే పళ్లు. బలమైన కండరాలు ఆ రాళ్లతో గింజలను నూరిన తరువాతే ఆహారం పేగుల్లోకి జారుతుంది. కనుక చిన్నదిగా, గట్టిగా కనబడినదాన్ని ఏరుకోవడం కోడికి చపలత్వం కాదు, అవసరం. గులకకూ మేకుముక్కకూ తేడా దానికి తెలియకపోవడమే చిక్కు.

పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పల్లెల్లో ఈ చిక్కు చిన్నది కాదు. రాజేంద్రనగర్‌లో రూపొందిన రాజశ్రీ, హైదరాబాదులోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా కూడా నాటుకోళ్ల వలెనే ఇంటి చుట్టూ తిరిగి మేత సంపాదించుకునే రకాలు. పది కోళ్ల మీద వచ్చే గుడ్ల డబ్బు సాధారణంగా ఇల్లాలి చేతి ఖర్చుకు ఆధారం. ఆ కోళ్లు తిరిగే నేలపై ఇప్పుడు గింజలతో పాటు మరెన్నో పడి ఉంటున్నవి. సిరిసిల్ల మరమగ్గాల వాడల్లో నూలు, పాలిస్టర్ పోగులు, ఆదిలాబాద్ పత్తి ఊళ్లలో బోరాలు కుట్టిన దారాలు, అన్నిచోట్లా ఎరువుల సంచుల ప్లాస్టిక్ పీచు, ట్రాక్టరు మరమ్మతు చేసిన చోట తీగముక్కలు, మరలు.

వీటిలో దారాన్ని అందరూ తేలికగా తీసుకుంటారు. అది పొరపాటు. దారం ఒక కొన నాలుక మొదట చుట్టుకుని, మరొక కొన కందనకాయ వరకు పోతుంది. నోటి బయట కనబడుతున్న కొనను లాగితే లోపలి మెత్తని పొరలు కోసుకుపోతాయి. వేలాడే భాగాన్ని మాత్రం కత్తిరించి, మిగతాది పశువైద్యునికి వదిలివేయవలె. పీచు గడ్డితో కలిసి మేతసంచిలో ఉండచుట్టుకుంటే గుర్తించడం సులభం: రాత్రి నిండిన సంచి తెల్లవారేసరికి ఖాళీ కావలె. ఉదయం మేత వేయకముందు తడిమినప్పుడు గట్టిగా తగిలితే అడ్డంకి ఉన్నట్లు అనుమానించవలె.

లోహం సంగతి వేరు. మొనదేలిన మేకును కందనకాయ తన బలంతోనే తన గోడలోకి దించుకుంటుంది. సీసం, జస్తు పూత తీగ వంటివైతే రాళ్ల రాపిడికీ జఠర రసపు ఆమ్లానికీ అరిగి, కరిగి రక్తంలో చేరుతాయి. చేపల వలకు కట్టే సీసపు గుండు ఒక్కటైనా ప్రమాదమే. కోడి నీరసించి, రెక్కలు వాల్చి, ఆకుపచ్చని రెట్ట వేస్తుంది. నున్నని గులక విషయంలో చెల్లే “అదే పోతుందిలే” అన్న మాట ఇక్కడ చెల్లదు.

ఇంటివారు ముందుగా చేసేది నోట్లో నూనె పోయడం, లేదా కాళ్లు పట్టి తలకిందులు చేయడం. కోడి శ్వాసనాళపు ద్వారం నాలుక వెనుకనే ఉంటుంది. పోసిన నూనెగానీ, సంచి నుండి వెనక్కి వచ్చిన ద్రవంగానీ ఊపిరితిత్తులకు చేరితే మింగిన వస్తువు కంటే ముందు అదే చంపుతుంది. కోడిని వేరుచేసి, నీడన గంప కింద ఉంచి, మేత ఆపి, నీరు మాత్రం అందుబాటులో ఉంచవలె. మింగినది ఏమిటో తెలిస్తే అటువంటి ముక్కనే వెంట తీసుకుపోవడం వైద్యునికి ఎంతో ఉపకరిస్తుంది. నోరు తెరిచి ఆయాసపడుతున్న కోడిని మాత్రం గంప కింద ఉంచి చూస్తూ కూర్చోరాదు, వెంటనే వైద్యానికి తరలించవలె. మేతసంచిని కోసి వస్తువును తీయడం పశువైద్యులకు కష్టమైన పని కాదు. కందనకాయ శస్త్రచికిత్స కష్టం. అందుకు ఎక్స్‌రే సదుపాయం కావలె, ఖర్చు కోడి ధరను మించవచ్చు. ఇల్లాలు వైద్యం వద్దనుకుంటే ఆమెను తప్పు పట్టలేము. కానీ సీసం మింగిందన్న అనుమానం ఉన్న కోడిని వండుకోరాదని, దాని గుడ్లు కూడా తినరాదని విస్తరణ సిబ్బంది తప్పక చెప్పవలె.

సేద్యశాస్త్రజ్ఞులు తమ వంతుగా పట్టించుకోవలసినది మరొకటి ఉంది. వరిపొలానికి తెచ్చిన కార్బోఫ్యూరాన్ గుళికలు గట్టు మీదనో వాకిట్లోనో ఒలికితే కోడి వాటిని ఇసుకరేణువులుగా భావించి ఏరుకుంటుంది. ఇది అడ్డంకి కాదు, విషం. మరణం గంటల్లోనే సంభవించవచ్చు. అమెరికాలో ఈ గుళికల వాడకాన్ని 1990 దశకంలో చాలావరకు నిలిపివేయడానికి పక్షుల మరణాలే ముఖ్య కారణం. క్షేత్ర ప్రదర్శనలలో మోతాదు చెప్పేవారు ఒలికిన గుళికలను మట్టిలో పూడ్చమని కూడా చెప్పడం అరుదు.

గులక దొరకని కోడి దేనినైనా ఏరుకుంటుంది. జల్లించిన సన్న గులకను ఒక కొబ్బరిచిప్పలో పోసి గంప పక్కన ఉంచడానికి ఖర్చేమీ లేదు. మరమ్మతు జరిగిన చోట పాత స్పీకరు అయస్కాంతాన్ని తాడుకు కట్టి ఈడిస్తే ఇనుప ముక్కలు దానికి అంటుకుని వస్తాయి. సీసాన్ని అయస్కాంతం ఆకర్షించదు, దానిని చేతితోనే ఏరవలె.