మరల్లో ఎండిన సిరా

పాత ఇంకు పెన్ను పట్టేసిందంటే చాలామంది చెయ్యి ముందు కటింగ్ ప్లేయర్ వైపే పోతుంది. తిరగడం లేదంటే బిగుసుకుందని, బిగుసుకుందంటే మన బలం చాల్లేదని లెక్క. ఈ లెక్క మొదటి మెట్టు దగ్గరే తప్పింది. నూటికి తొంభై పెన్నుల్లో అనను గానీ, సిరాను నేరుగా గొట్టంలో పోసుకునే మన పెన్నుల్లో ఎక్కువగా జరిగేది బిగుసుకోవడం కాదు, అతుక్కోవడం. తేడా ఎంత ఉందో చూడాలంటే కామారెడ్డి జిల్లా పోచారం లాంటి ప్రాజెక్టు కింద రైతులకు బాగా తెలిసిన వస్తువు ఒకటుంది: తూము షట్టరును ఎత్తి దించే ఇనుప మరకడ్డీ. అది కదలకుండా మొరాయించిందంటే కారణం తుప్పు. ఇనుము తుప్పుగా మారినప్పుడు మునుపటి కంటే రెండింతలకు పైగా చోటు కావాలంటుంది. మరల సందులో అంత చోటు ఎక్కడిది? అందుకే అది అటూ ఇటూ నెట్టి, మేకు దిగ్గొట్టినట్టు బిగిస్తుంది. దానికి సుత్తి దెబ్బే మందు, ఆ అదురుకు తుప్పు పొడిపొడి అవుతుంది. సిరా నడక దీనికి పూర్తిగా ఎదురు. అందులో 90 శాతానికి పైగా నీరే. నీరు ఆరాక మిగిలేది పలచటి రంగు పొర. అది చోటు పెంచుకోదు, తగ్గించుకుంటుంది. కాకపోతే ఎండుతూ ఎండుతూ రెండు వైపుల మరలనూ జిగురులా కరిపించి పోతుంది.

ఈ జిగురు కథ మన దగ్గర బాగా కనిపించేది ఎబొనైట్ పెన్నుల్లో. గాంధీ స్వదేశీ పిలుపు వెనకాలే రాజమండ్రిలో కోసూరి వెంకటరత్నం 1932లో పెన్ను తయారుచేయడం, అది అనుచరుడు కుమారప్ప చేతుల మీదుగా గాంధీకి చేరడం, ఆయన 1935 జులైలో వార్ధా నుంచి మెచ్చుకుంటూ ఉత్తరం రాయడం చాలామందికి తెలిసిన సంగతులే. ఆ పెన్ను ఒడలు ఎబొనైట్, అంటే గంధకం దండిగా కలిపి ఉడికించి రాయిలా గట్టిపరచిన రబ్బరు. దాన్ని లేత్ మీద తిప్పి చెక్కుతారు. లోపల లీవరూ లేదు, రబ్బరు తిత్తీ లేదు. మెడ దగ్గర విప్పడం, ఫిల్లరుతో ఇంకు పోయడం, మళ్లీ తిప్పి మూయడం, అంతే. చెడిపోవడానికి లోపల ఏమీ లేని యంత్రం అది. అందుకే దాని భారమంతా ఒకేచోట, మెడకూ గొట్టానికీ మధ్య ఉన్న మరల మీద పడుతుంది. కీలూ అదే, బిరడా కూడా అదే.

ఆ మరల పనితనం కాస్త ఆగి చూడదగ్గది. పెన్ను మూత కొద్ది చుట్లలోనే ఊడి వస్తుంది, మెడ మాత్రం ఎన్నో చుట్లు తిప్పితే గానీ రాదు. గీతలు అంత సన్నగా, దగ్గరదగ్గరగా ఉంటాయి. పది మిల్లీమీటర్ల అడ్డుకొలత ఉన్న మరలో ఒక్క చుట్టు పొడవు సుమారు 31 మిల్లీమీటర్లు. ఎనిమిది చుట్లంటే పావు మీటరు. వేలి కొన అంత జాగాలో పావు మీటరు పొడవున్న కాలువను చుట్టచుట్టి దాచారన్నమాట. సిరా బయటకు రావాలంటే అంత దూరం నడవాలి, కాబట్టి కారదు. కానీ లోపలికి కొంత దూరం పాకకుండా దాన్నెవరూ ఆపలేరు. సగం ఖాళీ అయిన పెన్నులో రెండు మిల్లీలీటర్ల గాలి ఉందనుకుందాం. చేతి వెచ్చదనానికి అది పది డిగ్రీలు వేడెక్కితే పరిమాణం ముప్పయ్యో వంతు పెరుగుతుంది. అంటే ఒక చుక్కకు పైగా సిరాను అది ముందుకు తోస్తుంది. పాళీ మీద పడే మరక మనకు కనిపిస్తుంది, మరల్లోకి దిగేది కనిపించదు. ఆపైన కేశాకర్షణ ఉండనే ఉంది: గుడ్డ అంచు నీళ్లకు తగిలితే తడి పైకి ఎగబాకినట్టు, ఆ సన్నని సందు సిరాను తనంతట తానే లాక్కుంటుంది. పెన్ను అరలో పడి పదేళ్లు మూలిగితే ఆ పావు మీటరు కాలువలో చాలా భాగం జిగురు గీతగా మారిపోతుంది.

జిగురు పూసిందే నీళ్లలో కరిగేది కాబట్టి విడిపించాల్సిందీ నీళ్లే. అయితే ఎక్కణ్ణుంచి పోయాలన్నదే కిటుకు. గొట్టం మొత్తాన్ని గిన్నెలో ముంచక్కర్లేదు. పాళీ కింద ఉండే నాలుకలో సన్నని గాడులున్నాయి. 1884లో అమెరికాలో వాటర్‌మన్ పేటెంటు తీసుకున్నది ఈ గాడులకే. సిరా కిందికీ గాలి పైకీ ఒకే దారిలో గొడవ లేకుండా నడిచే ఏర్పాటు అది. సిరా బయటకు వచ్చిన దారిలోనే నీరు లోపలికి పోగలదు. చిన్న గ్లాసులో మామూలు నీళ్లు పోసి, పాళీ మాత్రమే మునిగేలా పెన్నును నిలబెట్టి రాత్రంతా వదిలేస్తే, పొద్దునకు నీళ్లలో నీలం తీగలు సాగి కనిపిస్తాయి. నీళ్లు మార్చి, పెన్నును మెల్లగా ఊపి, మళ్లీ నిలబెట్టాలి. లోపలికి చేరిన నీరు మరలను వెనకవైపు నుంచి తడుపుతుంది. పావు మీటరు దూరం నానడానికి రెండు మూడు రోజులు పట్టినా ఆశ్చర్యం లేదు. నీళ్లకు లొంగని సిరాలు కూడా ఉన్నాయి. కరక్కాయ, అన్నభేది కలిపి కాచిన పాతకాలపు సిరా గాలి తగిలిన కొద్దీ నల్లబడి, నీటిలో కరగని ఇనుప లవణంగా స్థిరపడుతుంది. పాత బ్లూబ్లాక్ సిరాలు చాలావరకు ఈ కుటుంబానివే. దానికి కొద్దిగా విటమిన్ సి కలిపిన నీరు పనికొస్తుంది. అది ఇనుమును మళ్లీ కరిగే రూపానికి తెస్తుంది. స్టీలు పాళీని మాత్రం అందులో ఎక్కువసేపు ఉంచకూడదు.

వేడి చేస్తే ఇంత అవస్థ లేదు కదా అనే వాదన ఒకటి ఉంది, కొట్టిపారేసేది కాదు. బండి చక్రానికి పట్టా ఎక్కించే కమ్మరి చేసేది అదే: పట్టాను ఎర్రగా కాల్చి, చల్లటి చెక్క చక్రం మీద పడేసి, నీళ్లు గుమ్మరిస్తాడు. ఇనుము వేడికి సాగింది, చల్లారి బిగిసింది. పెన్నుకు కావలసింది ఇందులో మొదటి సగమే. ఎబొనైట్ ఒక డిగ్రీకి ఇనుము కంటే ఇంచుమించు ఆరింతలు సాగుతుంది. పది మిల్లీమీటర్ల రంధ్రాన్ని నలభై డిగ్రీలు వేడెక్కిస్తే దాదాపు 0.03 మిల్లీమీటరు పెరుగుతుంది. తలవెంట్రుక మందం కూడా లేదు, అయినా ఎండిన పొర పగలడానికి అది చాలు. ఇక్కడే ఎబొనైట్ గుణం ఒకటి అక్కరకొస్తుంది. వేడిని లోపలికి పోనివ్వడంలో అది పరమ పిసినారి. బయటి గొట్టం వెచ్చబడినా లోపల ఉన్న మెడ మరలు ఇంకా చల్లగానే ఉంటాయి. గొట్టం సాగింది, మెడ సాగలేదు. హెయిర్ డ్రయర్‌తో గొట్టం మరల భాగాన్ని మాత్రమే తిప్పుతూ, చెయ్యి ఓర్చుకునేంత వేడి చేసి, వెంటనే ప్రయత్నించాలి. నిదానంగా అరగంట కాస్తే రెండూ కలిసి సాగుతాయి, ఆ మేలు పోతుంది. వేడినీళ్లలో ముంచితే ఇంకో నష్టం: ఎబొనైట్‌లోని గంధకం వెలుగుకూ తేమకూ ఆక్సీకరణం చెందుతుంది, వేడి తోడైతే ఆ పని మరీ తొందరగా జరిగి నల్లటి పెన్ను ఆకుపచ్చ కలిసిన గోధుమరంగుకు తిరుగుతుంది. నూనె కూడా వద్దు. సిరా రంగు నూనెలో కరగదు, పైగా నాలుక గాడుల్లో జిడ్డు చేరితే సిరా వాటిని తడపలేదు, రాత నిలిచిపోతుంది.

నిజంగా బిగుసుకునే పెన్నులు లేవా? ఉన్నాయి, నా వాదనకు అవి మినహాయింపే. సెల్యులాయిడ్ గొట్టాలు ఏళ్ల తరబడి కర్పూరం కోల్పోయి కుంచించుకుపోతాయి, లోపలి మెడను పిడికిట్లో పట్టినట్టు పట్టేస్తాయి. అక్కడ నీటి కంటే గోరువెచ్చని వేడిదే పని. కానీ సెల్యులాయిడ్ చటుక్కున నిప్పంటుకునే పదార్థం, దీపం దగ్గరకు పోనివ్వకూడదు. 1941లో వచ్చిన పార్కర్ 51 ముక్కు మరలకు తయారీదారే లక్క పూశాడు. అది ఎంత నానబెట్టినా రాదు. లాడ్ బజార్‌లో గాజులు చేసేవాళ్లు బొగ్గుల సెగకు లక్కను మెత్తబరచినట్టు, అక్కడ వెచ్చదనంతోనే పని జరగాలి. ఇంకొన్ని పెన్నుల్లో అసలు మరలే ఉండవు, మెడను గొట్టంలోకి దిగ్గొట్టి ఉంటారు. అవి లాగేవి, తిప్పేవి కావు. ఏది ఏ రకమో తెలియకుండా చెయ్యి వెయ్యడం మంచిది కాదు.

ఇక పట్టు సంగతి. ప్లేయర్‌తో నొక్కితే గొట్టం కోడిగుడ్డు ఆకారానికి వంగుతుంది. నొక్కిన వైపు రంధ్రం ఇరుకై లోపలి మరలను కొరుకుతుంది. అంటే విప్పడానికి పెట్టిన బలమే బిగింపుగా మారుతోంది. పాత సైకిల్ ట్యూబు ముక్కలు రెండు తీసుకుని గొట్టానికొకటి, మెడకొకటి చుట్టి పట్టుకుంటే జారుడు పోతుంది, కాబట్టి నొక్కాల్సిన అవసరం తగ్గుతుంది. ఒకేసారి మెలిపెట్టకుండా అటు కొద్దిగా, ఇటు కొద్దిగా ఊపాలి. కీలు వదిలిందని మొదట చెప్పేది చెవి: చిన్న టిక్కుమనే చప్పుడు. తర్వాత ఒక్కో చుట్టు గరగరలాడుతూ వస్తుంది, మరల్లోంచి నల్లటి పొడి రాలుతుంది. పాత టూత్ బ్రష్‌తో ఆ గాడులన్నీ తోమి, పూర్తిగా ఆరనిచ్చి, గోరు మొన అంత సిలికాన్ గ్రీజు తీసుకుని మెడ మరల చుట్టూ రాసి, మళ్లీ తిప్పి మూస్తూ గొట్టం అంచు మెడను తాకగానే తిప్పడం ఆపాలి.