గాజుతొట్టిలో మెత్తని పగడములు



నేటి ప్రసంగవిషయము వినగానే మీలో కొందరు నవ్వుకొనవచ్చును. తిరుపతి యెక్కడ, సముద్రమెక్కడ, ఇచ్చట పగడములను పెంచుటయేమి యని మీకు దోచును. కాని మా యింట జరిగిన యీ చిన్న సంగతి మీ చెరువునకును, మీ చేనునకును జెందినదే గనుక ఓపికతో వినవలసినదిగా కోరుచున్నాను.

పగడమనగా మన మెరిగినది ఉంగరములోని యెఱ్ఱని పూస. అది రాయి కాదు. సముద్రమున అతిసూక్ష్మజంతువులు గుంపుగా జేరి నిర్మించుకొనిన గూడు. దీనికి సంస్కృతమున ప్రవాళమని పేరు. ఆ పదమునకే లేజిగురనియు నర్థము కలదు. ఆ పూసపగడమునకు దాయాదులే మెత్తని పగడములు. రెంటికిని ఒక్కొక్క ప్రాణికి ఈకలవంటి యెనిమిదేసి చేతులుండును. మెత్తనివానికి రాతిగూడు లేదు. అందుచేతనే కాబోలు, ఇవి నిజముగా చిగురువలెనే వేగముగా వ్యాపించును.

మా మనుమడు తిరుపతిలో ఉద్యోగము చేయుచు ఇంట నొక గాజుతొట్టి నుంచుకొనినాడు. వాని స్నేహితుడు తన తొట్టినుండి బొటనవ్రేలంత జెనియా పగడపు ముక్కను ఇచ్చెను. అది పిడికిలి ముడిచి తెరచినట్లు రేయింబవళ్లు చేతులాడించుచుండును. ఆ కదలికవలన నీరు కలగి, దాని దేహములో నివసించు నాచుజాతి సూక్ష్మజీవులు వెలుతురున మిగిలించిన ప్రాణవాయువు తొలగిపోవుననియు, అందుచే వాని యాహారసిద్ధి హెచ్చుననియు 2013లో శాస్త్రజ్ఞులు తెలిపిరి. ఆ సూక్ష్మజీవులు వండిన యన్నమే పగడమునకును ముఖ్యాహారము. కావున తొట్టికి మంచి దీపము అవసరము.

నీటి సంగతి చెప్పెదను. లీటరు నీటికి ఇంచుమించు 35 గ్రాముల లవణము ఉండవలెను. వంటయుప్పు పనికిరాదు. సముద్రజలములోని లవణములన్నియు గలిపిన ప్రత్యేకపు ఉప్పు కావలెను. మన బోరునీటిని తిన్నగా పోయరాదు, శుద్ధిచేసిన నీరే వాడవలెను. నీటి వేడి 24 మొదలు 27 డిగ్రీలవరకు మేలు. మే మాసమున మన యూరిలో ఎండ 40 డిగ్రీలు దాటును గదా! అప్పుడు నీటిమీద పంకా త్రిప్పినచో కూజాలో నీరువలె కొంత చల్లబడును. అయితే ఆవిరియగునది నీరేగాని ఉప్పు కాదు. తరిగినంత మేరకు మంచినీటినే పోయవలెను. ఉప్పునీరు పోసినచో లవణము నానాటికి హెచ్చి ప్రాణులు నశించును.

ఇంతవరకు మా మనుమడు చక్కగానే చేసినాడు. పొరపాటు వేరొకచోట జరిగినది. జెనియాముక్కను తక్కిన పగడములున్న పెద్దబండమీదనే యుంచెను. అది తనంతట రెండుగా చీలుచు, జరుగుచు, కొన్ని నెలలలో బండనంతయు నాక్రమించెను. మెల్లగా పెరుగు తోలుపగడము దాని నీడలో క్రుంగిపోయెను. ఇట్టివానిని మొదటనే వేరొక చిన్నరాతిపై, చుట్టును ఇసుక విడిచి, ద్వీపమువలె నుంచవలెను. ఊదారంగు చాపవలె ప్రాకి పచ్చని నక్షత్రములు విచ్చునట్టి పగడమునకును ఇదే కట్టుబాటు. అది గాజుగోడను సైతము ఎక్కును. అంచు దాటగానే కత్తిరింపవలెను. రాతిని నీటినుండి పైకి దీసియే కోయవలెను, ఏలయన తొట్టిలో రాలిన తునుక మరియొకచోట అతుకుకొని బ్రతుకును.

తీసిన బుట్టెడు పగడమును ఏమి చేయవలెనను ప్రశ్న వచ్చెను. కార్తికపూర్ణిమకు నేను మైపాడు సముద్రస్నానమునకు బయలుదేరుచుంటిని. "తాతా, నీతో తీసికొనిపోయి సముద్రములో విడువుము" అని వాడనగా, జీవిని స్వస్థానమునకు జేర్చుట పుణ్యమేయని నేను వెంటనే ఒప్పుకొంటిని. సంచియు సిద్ధపరచితిని. ఆ రాత్రి వాడే చదివి నాకు వినిపించిన సంగతి నన్నాపెను.

వెనెజులాదేశమున మోచిమా యను తీరప్రాంతము కలదు. అచ్చటికి జెనియా దాయాది యొకటి ఈ శతాబ్దారంభమున గాజుతొట్ల వర్తకము మూలమున చేరినదని పరిశోధకుల యభిప్రాయము. అది సముద్రగర్భమున పరచుకొని స్థానికములైన రాతిపగడములను, సముద్రపు గడ్డిని కప్పివేసినది. 2023లో పోర్టోరికో తీరమునను జెనియా బయటపడినది.

మనకు దూరదేశపు సాక్ష్యమేల? 1877లో జమైకానుండి తెప్పించిన విత్తనములతో కడప మండలములోని కమలాపురమున సర్కారుతుమ్మను నాటిరి. వంటచెరకు కొఱకని వచ్చిన యా చెట్టు నేడు మన బీళ్ల నెట్లాక్రమించినదో మీకు నేను చెప్పనేల? పూవు అందముగా నున్నదని తెచ్చిన గుర్రపుడెక్క మన చెరువులను కప్పినది. తెచ్చినవారు దుష్టులు కారు. నేనును ఆ సంచి పట్టుకొని పుణ్యమనియే బయలుదేరబోతిని.

ఆ పగడములో కొంత, దాని స్వభావమును ముందుగా తెలిపి, తొట్టియున్న మరియొకనికి ఇచ్చితిమి. మిగిలినదానిని ఎండలో బాగుగా ఎండబెట్టి పాతిపెట్టితిమి. మనస్సునకు కష్టముగనే యుండెను. కాని చేతిలోనిదానిని ప్రేమతో పెంచుట యెంత ధర్మమో, అది చేయి దాటి పోకుండ కాచుటయు అంతే ధర్మము. మీ పిల్లలు తొట్టిలోని చేపనో మొక్కనో చెరువులో విడువబోయిన నాడు ఈ మాట వారికి జెప్పుడు.