అటక మీద అమ్మ గొంతు

మొన్న సంక్రాంతికి అటక దులుపుతుంటే పాత క్యాసెట్ల అట్టపెట్టె ఒకటి బయటపడింది. మీ ఇళ్ళలోనూ ఉండే ఉంటుంది. పారేద్దామనుకుంటూంటే మా మనవరాలు ఒక క్యాసెట్ తీసి, "అమ్మమ్మా, దీని మీద ఏం రాసుంది?" అంది.

"చిట్టికి, రాయగడ నుంచి అమ్మ" అని మా అమ్మ చేతిరాత.

1989లో పురిటి నుంచి ఐదో నెల పిల్లతో నేను కోరాపుట్ వచ్చేశాక పంపిన క్యాసెట్ అది. అప్పటికి ఈ రెండు ఊళ్ళ మధ్య రైలు లేదు. ఘాట్ రోడ్డు మీద బస్సులో వస్తున్న తెలిసినవారి చేతికిచ్చింది. కొత్త క్యాసెట్ దండగనుకుందేమో, ఇంట్లో ఉన్న ఘంటసాల గారి భగవద్గీత మీదే, వీపున ఉండే గుంటలకు కాగితం అంటించి రికార్డు చేసేసింది! నాన్నగారు రెండు రోజులు మాట్లాడలేదట.

మా కొండల వానలకి టేపు బూజు పట్టింది. జయపురంలో ఒక షాపువాళ్ళు దాన్ని ఫోనులోకి ఎక్కించి, "అనవసరమైనవి తీసేసి శుభ్రం చేశాం" అన్నారు. విన్నాను. గొంతు అమ్మదే గానీ, ఇల్లు మాది కాదనిపించింది.

పక్కింటివారి పాత టేప్‌రికార్డరుకు రబ్బరు బెల్టు మార్పించి, అసలు క్యాసెట్ వేశాం. "ఏటే, పిల్లకి నలుగు పెడతన్నావా లేదా?" అంటూ అమ్మ మొదలెట్టింది. మధ్యలో స్టేషన్లో రైలు కూసింది. అది వెళ్ళేదాకా అమ్మ ఆగింది. చివర టక్కుమని శబ్దం, వెంటనే శ్లోకం మధ్యలోంచి ఘంటసాల! ఈ రెండూ షాపువాళ్ళు తీసేసిన 'అనవసరాలు'.

అమెరికాలో 2022లో ఎల్పీ రికార్డులు సుమారు 4.1 కోట్లు, సీడీలు 3.3 కోట్లు అమ్ముడయ్యాయి. 1987 తర్వాత రికార్డులు పైచేయి కావడం అదే మొదలు. కుర్రకారు సరదా అనుకున్నాను. ఫోనులో నిమిషానికో పాట మార్చే మా పిల్ల, అరగంట కదలకుండా కూర్చుంటే ఆశ్చర్యపోయాను. అలాగని క్యాసెట్ శాశ్వతమేం కాదు. వేసిన ప్రతిసారీ కాస్త అరుగుతుంది. అందుకే ఫోనులోకి మళ్ళీ ఎక్కించాం, ఈసారి ఏమీ తీయొద్దని చెప్పి.

బడిలో దానికి ఒడియా, ఇంగ్లీషే. తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు. ఎన్నిసార్లు పలక ముందేసినా కూర్చోని పిల్ల, ఇప్పుడు తాతమ్మ రాసిన అక్షరాలు చూసి దిద్దుతోంది. పెట్టెలో ఇంకా ఇరవై మూడు క్యాసెట్లున్నాయి. పేరు చదివిందే వేయాలని పంతం పట్టింది. నాలుగోదాని మీద ఉన్న 'ళ' దగ్గర నిన్నటి నుంచి ఆగిపోయింది. నన్ను చెప్పనివ్వడం లేదు.