క్యామ్‌షాఫ్ట్ టైమింగ్ : గుర్తుల అమరిక, కోణాల కొలత – ఎ-సిరీస్ ఇంజను ఆధారంగా వివరణ

వ్యాససంగ్రహం: కారు ఇంజను శక్తిని పెంచి తిరిగి కూర్చేటప్పుడు, చక్రాల మీది గుర్తులను ఎదురెదురుగా నిలిపి క్యామ్‌షాఫ్ట్‌ను అమర్చడం పరిపాటి. ఆ గుర్తులు పళ్ళు సరిగా కలిశాయని మాత్రమే తెలుపుతాయి. వాల్వు ఏ కోణం వద్ద పూర్తిగా తెరుచుకుంటున్నదో తెలియాలంటే కొలవవలసిందే. ఆ కొలత జరిగే తీరును, అది తప్పే చోట్లను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: క్యామ్‌షాఫ్ట్, వాల్వ్ టైమింగ్, డిగ్రీ చక్రం, డయల్ గేజి, ఎ-సిరీస్ ఇంజను.

1. ఉపోద్ఘాతం

ఆస్టిన్ సంస్థ 1951లో ఎ30 కారుతో పరిచయం చేసిన ఎ-సిరీస్ ఇంజను, 1959లో వచ్చిన మినీ కారు ద్వారా లోకప్రసిద్ధమైంది. ఇందులో క్యామ్‌షాఫ్ట్ సిలిండర్ బ్లాకులోనే ఉండి, క్రాంక్‌షాఫ్ట్ నుండి చైను ద్వారా తిరుగుతుంది. పుష్‌రాడ్లు, రాకర్లు దాని కదలికను వాల్వులకు చేరుస్తాయి. మన దేశంలో అంబాసిడర్ కారుకు వాడిన 1489 సి.సి. బి-సిరీస్ ఇంజను నిర్మాణం కూడా ఇటువంటిదే.

తొలి మినీలో ఇన్‌లెట్ వాల్వు టాప్ డెడ్ సెంటర్‌కు (టి.డి.సి.) 5° ముందు తెరుచుకొని, బాటమ్ డెడ్ సెంటర్ తరువాత 45° వద్ద మూసుకుంటుంది. అంటే అది తెరచి ఉండే వ్యవధి 5 + 180 + 45 = 230°. అందులో సగమైన 115° నుండి 5° తీసివేస్తే, టి.డి.సి. తరువాత 110° వద్ద వాల్వు పూర్తిగా తెరుచుకుంటుందని తేలుతుంది. క్యామ్‌ను అమర్చడమంటే ఈ చివరి సంఖ్యను ఇంజనులో నిజం చేయడమే.

2. కోణం మారితే ఏమవుతుంది?

నాలుగు సంఘటనలలో ఇంజను స్వభావాన్ని అధికంగా శాసించేది ఇన్‌లెట్ వాల్వు మూసుకొనే క్షణం. పిస్టన్ పైకి కదలడం మొదలైన తరువాత కూడా వాల్వు తెరచి ఉంటుంది. వేగం ఎక్కువగా ఉన్నప్పుడు లోనికి వస్తున్న మిశ్రమం తన జడత్వం వలన ఇంకా చొరబడుతూనే ఉంటుంది. వేగం తక్కువైతే కొంత భాగం వెనుకకు నెట్టబడుతుంది. క్యామ్‌ను ముందుకు జరిపితే వాల్వు త్వరగా మూసుకొని తక్కువ వేగంలో లాగే బలం పెరుగుతుంది. వెనుకకు జరిపితే ఆ బలం తగ్గి, శక్తి అధిక వేగాల వైపు మళ్ళుతుంది. వ్యవధి ఎక్కువగా గల క్యామ్‌ను ఎంచుకొని, దానిని తెలియకుండానే నాలుగైదు డిగ్రీలు వెనుకకు అమర్చినవారికి నగర రహదారులలో మందకొడి కారు మిగులుతుంది. దోషం మాత్రం తరచుగా కార్బురేటర్ మీదికి పోతుంది.

గుర్తులు కలిసినా ఈ తేడా రావడానికి కారణాలనేకం. కీ గాడి స్థానంలో, చక్రాల తయారీలో, క్యామ్ గ్రైండింగ్‌లో చిన్న చిన్న తేడాలు ఒకదానికొకటి తోడవుతాయి. సాగిన చైను క్యామ్‌ను ఆలస్యం చేస్తుంది. ఎ-సిరీస్‌లో రెండు షాఫ్టులూ బ్లాకులోనే ఉన్నందున సిలిండర్ హెడ్‌ను చెక్కినా టైమింగ్ మారదు. ఓవర్‌హెడ్ క్యామ్ ఇంజన్లలో అలా కాదు. చెక్కిన హెడ్ క్యామ్‌ను క్రాంక్‌కు దగ్గర చేసి సాధారణంగా ఆలస్యానికి దారితీస్తుంది.

3. కొలత

మొదట నిజమైన టి.డి.సి.ని కనుగొనాలి. పిస్టన్ అత్యున్నత స్థానాన్ని కంటితో గాని, గేజితో నేరుగా గాని నిర్ణయించడం నమ్మదగినది కాదు. 1275 సి.సి. ఇంజనులో స్ట్రోకు 81.28 మి.మీ. అయినా, టి.డి.సి.కి 2° దూరంలో పిస్టన్ దిగేది సుమారు 0.03 మి.మీ. మాత్రమే. అందువలన పిస్టన్ దారిలో ఒక అడ్డు బిగించి, క్రాంక్‌ను ఇరువైపులా అది తగిలే వరకు తిప్పి, డిగ్రీ చక్రం మీది రెండు అంకెల మధ్యబిందువును సున్నాగా నిలపాలి.

వాల్వు గరిష్ఠ లిఫ్టుకూ ఇదే తర్కం. శిఖరం వద్ద డయల్ గేజి ముల్లు కొన్ని డిగ్రీల పాటు కదలదు. కాబట్టి శిఖరానికి 0.127 మి.మీ. తక్కువగా ఉన్న రెండు చోట్ల కోణాలను చదివి సగటు తీయాలి. అవి 96°, 132° అయితే కేంద్రం 114°. ఉండవలసినది 110° కనుక క్యామ్ 4° ఆలస్యంగా ఉన్నట్లు. కొలిచేటప్పుడు ఇంజను నడిచే దిశలోనే తిప్పాలి. అంకె దాటిపోతే బాగా వెనుకకు వెళ్ళి తిరిగి రావాలి. లేకపోతే చైను వదులు కొలతలో చేరుతుంది. ఎక్కే, దిగే వైపులు సమానంగా లేని క్యామ్‌లకు సగటు పద్ధతి పనికిరాదు. తయారీదారు సూచించిన లిఫ్టు వద్ద కోణాలనే సరిపోల్చాలి.

తెలుగు రాష్ట్రాల ఇంజనీరింగ్ కళాశాలలలో విద్యార్థులు గీసే వాల్వ్ టైమింగ్ డయాగ్రమ్ ప్రయోగంలో వాల్వు తెరుచుకొనే, మూసుకొనే క్షణాలనే పట్టుకుంటారు. ట్యాపెట్ క్లియరెన్స్‌ను బట్టి అత్యధికంగా మారేవి అవే. లిఫ్టు కేంద్రాన్ని కూడా అదే ప్రయోగంలో కొలిపిస్తే రెండు పద్ధతుల నమ్మకస్థాయి విద్యార్థికి స్వయంగా తెలుస్తుంది.

4. సవరణ, రక్షణ

చక్రంపై 40 పళ్ళుంటే ఒక పన్ను జరపడం క్యామ్ వద్ద 9°, క్రాంక్ వద్ద 18° అవుతుంది. ఇది 4° దోషానికి మందు కాదు. ఆఫ్‌సెట్ కీ గాని, సర్దుబాటు చేయగల చక్రం గాని వాడాలి. కీ మీద రాసినవి క్రాంక్ డిగ్రీలా, క్యామ్ డిగ్రీలా అన్నది కొనేటప్పుడే తేల్చుకోవాలి. క్యామ్ సగం వేగంతో తిరుగుతుంది గనుక పొరపాటు పడితే సవరణ రెట్టింపో సగమో అవుతుంది.

క్యామ్‌ను ముందుకు జరిపితే టి.డి.సి. సమీపంలో ఇన్‌లెట్ వాల్వు పిస్టన్‌కు దగ్గరవుతుంది. వెనుకకు జరిపితే ఎగ్జాస్ట్ వాల్వు దగ్గరవుతుంది. 1.25 నిష్పత్తి రాకర్ల స్థానంలో 1.5వి వేస్తే కేంద్రకోణం మారదు గాని లిఫ్టు 20 శాతం పెరిగి ఖాళీ తగ్గుతుంది. పిస్టన్ పైభాగాన మెత్తని మట్టి పరచి, ఇంజనును చేతితో తిప్పి, నొక్కుకున్న మట్టి మందాన్ని కొలుస్తారు. ఇన్‌లెట్‌కు 2 మి.మీ., ఎగ్జాస్ట్‌కు 2.5 మి.మీ. కనీస ఖాళీగా పాటించడం వృత్తిలో వాడుక. 1275 బ్లాకులో లిఫ్టు బాగా పెరిగితే ఎగ్జాస్ట్ వాల్వు సిలిండర్ అంచుకు తగలవచ్చు. అక్కడ గుంట చెక్కవలసి ఉంటుంది. కీ మార్చిన ప్రతిసారీ కోణాన్నీ, ఈ ఖాళీలనూ తిరిగి కొలిచిన తరువాతే ఇంజనును స్టార్టర్‌తో తిప్పాలి.