అడవి కాపలాలో పేదవాని హక్కు

కరీంనగర్ పట్టణంలో నల్లా తిప్పితే వచ్చే నీరు దిగువ మానేరు జలాశయానిది. మధ్య మానేరు మీదుగా ఎల్లంపల్లి నుండి గోదావరి జలాలు కూడా దానికి చేరుతుంటాయి. ఎల్లంపల్లికి ఎగువన గోదావరిలో కలిసే కడెం వాగు ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని కవ్వాల్ అడవుల గుండా పారి వస్తుంది. వుజూ కోసం మనం దోసిట పట్టే నీటిలో ఆ అడవి పాలు కూడా ఉందన్న సంగతి మనలో చాలామందికి తట్టదు.

ఇది నిత్యం వానలు కురిసే అడవి కాదు. టేకు, వెదురు, ఇప్ప చెట్లతో నిండి, ఎండాకాలం ఆకు రాల్చే అడవి. 1965లో అభయారణ్యమైన కవ్వాల్‌ను 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించారు. అయితే పులులు తరచుగా కనిపించేది దాని నడిబొడ్డున కాదు, కాగజ్‌నగర్ వైపు. మహారాష్ట్రలోని తాడోబా ప్రాంతం నుండి ప్రాణహిత దాటి వచ్చే పులులకు అదే దారి. ఫాల్గుణ అని పేరు పెట్టిన ఆడపులి అక్కడే పిల్లలను కని పెంచింది.

ఈ అడవుల్లో అటవీశాఖతో కలిసి పనిచేస్తున్న స్వచ్ఛంద సంస్థల్లో హైదరాబాద్ టైగర్ కన్జర్వేషన్ సొసైటీ ఒకటి. చెట్లకు కట్టిన కెమెరాల చిత్రాల్లో చారలను పోల్చి ఏ పులి ఎటు వెళ్లిందో గుర్తిస్తారు. ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు. దీనికంటే శ్రమతో కూడినది ఉచ్చుల ఏరివేత. జింకకో, అడవి పందికో పన్నిన సన్నని తీగ పులి మెడకూ బిగుసుకుంటుంది. వాగులు, నీటి గుంటల దగ్గర కాలిబాటలను అడుగడుగునా వెదికితే తప్ప అది కంటికి ఆనదు. అడవి జాడలు ఎరిగిన స్థానికులు లేకుండా ఇది సాగే పని కాదు.

ఆ స్థానికులే ఈ అడవికి ఎక్కువ మూల్యం చెల్లిస్తున్నారు. 2020 నవంబరులో కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఇద్దరు యువజనులు పులి దాడికి బలయ్యారు. 2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవిలో రెండు పులులు చనిపోయాయి. పులి చంపిన పశువు కళేబరంపై విషం చల్లడమే కారణమని దర్యాప్తులో తేలింది. విషం పెట్టడం నేరమే. కాని ఉన్న ఒక్క ఆవునూ పోగొట్టుకున్నవాని ఇంటికి పరిహారం ఎన్నాళ్లకు చేరుతుందన్నది కూడా అడగవలసిన ప్రశ్నేనని మా అభిప్రాయం.

ఈ ప్రశ్న మనకు కొత్తది కాదు. భూమిపై సంచరించే జీవులు, రెక్కలతో ఎగిరే పక్షులు మీలాంటి సముదాయాలేనని దివ్య ఖుర్ఆన్‌లోని అన్ఆమ్ సూరా 38వ ఆయతు బోధిస్తుంది. మహాప్రవక్త (స) మదీనా పరిసరాల్లో చెట్లు నరకడాన్ని, వేటను నిషేధించారు. హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో ప్రభుత్వం రక్షించే పచ్చికబయలును ‘హిమా’ అనేవారు. దాని కాపలాకు హునయ్ అనే వ్యక్తిని నియమిస్తూ ఆయన ఇచ్చిన ఆదేశం బుఖారీలో ఉంది. నాలుగు ఒంటెలో, గొర్రెలో ఉన్న పేదవాణ్ణి లోనికి రానివ్వమన్నారు. హజ్రత్ ఉస్మాన్ (రజి), అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)ల వంటి సంపన్నుల మందలను మాత్రం దూరంగా ఉంచమన్నారు. వారికి మంద పోయినా తోటలు, పొలాలు ఉంటాయి. పేదవాడైతే పిల్లలను వెంటబెట్టుకొని ఖలీఫా గుమ్మం ముందుకే వస్తాడు, అప్పుడు బంగారం, వెండి ఇవ్వడం కంటే ఇప్పుడు గడ్డి, నీరు ఇవ్వడమే తేలిక అన్నది ఆయన చూపిన కారణం. రక్షిత ప్రాంతానికి కంచె ఎంత అవసరమో, ఆ కంచె ఎవరి మీద బరువుగా పడుతోందో చూడడమూ అంతే అవసరమని ఆయన ఎంచారు.

కవ్వాల్ నడుమ ఉన్న రాంపూర్, మైసంపేట గ్రామాల వారు 2024లో అడవి వెలుపలికి తరలివెళ్లారు. పదిహేను లక్షల రూపాయలో, ఇల్లూ పొలమో కోరుకునే అవకాశం వారికి లభించింది. కాగజ్‌నగర్ వైపు మాత్రం కథ వేరు. 2025 మే 30న ప్రభుత్వం జి.ఓ. 49 ద్వారా పులుల దారిని కుమ్రం భీం పేరిట కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటించింది. తమ భూములు, హక్కులు ఏమవుతాయోనని ఆదివాసీలు ఆందోళనకు దిగారు. జూలైలో ఆ ఉత్తర్వును నిలిపివేశారు. అదే దారిన పులులు వస్తూనే ఉన్నాయి, పత్తి చేలల్లో కూలీలు వంగి పని చేస్తూనే ఉన్నారు.