చెడ్డకబురు ముందుగా చేరేదెవరికి?

ఉద్యోగస్థలంలో నాయకత్వం ప్రస్తావన వచ్చినప్పుడల్లా దూరదృష్టి, వాక్చాతుర్యం, నిర్ణయశక్తి వంటి గుణాలను ఏకరువు పెట్టడం పరిపాటి గానీ, ఒక అధికారిని కింది ఉద్యోగులు ఎంతవరకు నమ్ముతున్నారో తేల్చడానికి వీటన్నిటికన్నా సూటి అయిన కొలమానం మరొకటి ఉంది. పనిలో ఏదైనా తేడా వచ్చినప్పుడు ఆ సంగతి ఆయన చెవిన ఎంత త్వరగా, ఎంత పూర్తిగా పడుతుందన్నదే ఆ కొలమానం. పైవారు ఏమంటారోనన్న బెరుకుతో సంగతులను తొక్కిపట్టే కార్యాలయంలో నాయకుడికి అందేవన్నీ శుభవార్తలే. ఆయన నిర్ణయాలు ఆ శుభవార్తల మీదనే నిలబడతాయి గనుక, ఎంత తెలివైనవాడైనా ఏదో ఒకనాడు బోల్తా పడక తప్పదు.

నమ్మకం అన్న మాటకు ఇక్కడ కొంత వివరణ అవసరం. ఎదుటివారి చేతల వల్ల తనకు నష్టం కలగవచ్చని తెలిసి కూడా, వారిపై నిఘా పెట్టే వీలు లేకపోయినా, తనను వారి చేతుల్లో పెట్టడానికి సిద్ధపడటమే నమ్మకమని 1995లో మేయర్, డేవిస్, షూర్మన్ అనే ముగ్గురు పరిశోధకులు నిర్వచించి, దానికి మూడు ఆధారాలు చూపారు: పని తెలిసిన మనిషేనా అన్న సామర్థ్యం, తన మేలు కోరే మనిషేనా అన్న హితబుద్ధి, మాట మీద నిలిచే మనిషేనా అన్న నిజాయితీ. తన పొరపాటును తానే చెప్పుకునే ఉద్యోగి పరిస్థితి అచ్చంగా ఇదే. ఇంక్రిమెంటు, బదిలీ, పదోన్నతి ఎవరి సంతకంతో ముడిపడి ఉన్నాయో ఆ మనిషికే తన తప్పును అప్పగిస్తున్నాడు.

హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎమీ ఎడ్మండ్‌సన్ 1990ల తొలినాళ్లలో, అప్పటికి ఇంకా పరిశోధక విద్యార్థినిగా ఉండగా, ఆసుపత్రుల్లో రోగులకు మందులివ్వడంలో జరిగే పొరపాట్లను పరిశీలిస్తూ, సఖ్యతతో పనిచేసే బృందాల్లో ఇవి తక్కువగా ఉంటాయని ఊహించారు. లెక్క తలకిందులుగా వచ్చింది; మంచి బృందాల్లోనే ఎక్కువ పొరపాట్లు నమోదయ్యాయి. ఆరా తీస్తే, ఆ వార్డుల్లో నర్సులు తప్పులు ఎక్కువగా చేయడం కాదు, జరిగినవాటిని దాచకుండా చెబుతున్నారని అర్థమైంది. తప్పు చెప్పినా, సందేహం అడిగినా నలుగురిలో చిన్నబోవలసిన పని ఉండదన్న ఈ ధీమాకు ‘మానసిక భద్రత’ అనే పేరు ఆమె 1999లో వెలువరించిన వ్యాసంతో బాగా ప్రచారంలోకి వచ్చింది. కాగితం మీద తప్పుల సంఖ్య తక్కువగా కనిపించే విభాగాన్నే మెచ్చుకునే అలవాటు ఉన్న అధికారులు ఈ ఫలితం దగ్గర కాసేపు ఆగడం మంచిది.

ఈ ధీమా మచ్చుకైనా లేని చోట దాన్ని ఎలా నెలకొల్పవచ్చో ఫోర్డ్ మోటార్ కంపెనీ ఉదంతం చూపిస్తుంది. విమానాలు తయారుచేసే బోయింగ్ నుంచి అలన్ ములాలీ 2006 సెప్టెంబరులో ఫోర్డ్ పగ్గాలు చేపట్టే నాటికి కంపెనీ పీకలదాకా కష్టాల్లో ఉంది; ఆ ఒక్క ఏడాది నష్టమే 1,200 కోట్ల డాలర్లు దాటింది. ప్రతి గురువారం విభాగాధిపతులందరూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని తమ పనుల పట్టికలను చూపాలని, అనుకున్నట్టు సాగుతున్న పనికి ఆకుపచ్చ, గాడి తప్పినా సరిదిద్దే ఉపాయం ఉన్నదానికి పసుపు, ఉపాయమే తోచనిదానికి ఎరుపు వేయాలని ఆయన నియమం పెట్టగా, వారాల తరబడి అన్ని పట్టికలూ పచ్చగానే వచ్చాయి. వేలకోట్లు మునిగిపోతున్న సంస్థలో బాగాలేనిది ఒక్కటీ లేదా అని ములాలీ అడిగినా ఎవరూ నోరు విప్పలేదు. ఎరుపు చూపినవాడి ఉద్యోగం ఊడుతుందన్నది ఆ సంస్థలో పాత పాఠం. పిల్లి మెడలో గంట కట్టేదెవరు?

చివరికి ఉత్తర, దక్షిణ అమెరికాల వ్యాపారం చూసే మార్క్ ఫీల్డ్స్ ఆ పనికి పూనుకున్నారు. కెనడాలోని ఓక్‌విల్ కర్మాగారంలో తయారవుతున్న ఎడ్జ్ అనే కొత్త కారులో ఒక సాంకేతిక లోపం బయటపడటంతో దాని విడుదలను ఆపిన ఆయన, తన పట్టికలో ఎరుపు వేసి తెర మీద పెట్టారు. గది నిశ్శబ్దమైంది, ఇక ఫీల్డ్స్ పని అయిపోయిందనే అక్కడివారు అనుకున్నారు. ములాలీ చప్పట్లు కొట్టి, పరిస్థితిని ఇంత స్పష్టంగా చూపినందుకు ధన్యవాదాలు చెప్పి, దీనికి ఎవరు సాయం చేయగలరని మిగతావారిని అడిగారు. నాణ్యతా విభాగం, ఇంజినీరింగు విభాగం వెంటనే ముందుకొచ్చాయి. అయినా తక్కినవారి పట్టికలు ఆ రోజే రంగు మార్చలేదు. తర్వాతి సమావేశాల్లోనూ ఫీల్డ్స్ తన కుర్చీలో క్షేమంగానే ఉండటం చూశాకే పసుపు, ఎరుపు ఒక్కొక్కటిగా బయటికి వచ్చాయి. ఒకనాటి చప్పట్లను ఎవరైనా నటన అనుకోవచ్చు గానీ, వారం వారం అదే తీరు కనిపించినప్పుడు అనుమానానికి చోటుండదు.

దీన్ని మెతకతనంగా పొరబడకూడదు. ఎరుపు వేసినందుకు శిక్ష లేదన్నారే గానీ, వేసిన ఎరుపు అలాగే పడి ఉండవచ్చని ములాలీ ఎన్నడూ అనలేదు. అది పసుపుకు, ఆపై పచ్చకు ఎలా మారుతోందో ప్రతి గురువారం అందరి ఎదుటా చెప్పవలసిందే. హితబుద్ధి ఉండి సామర్థ్యం కొరవడిన అధికారికి కబుర్లయితే అన్నీ చేరతాయి, పని మాత్రం జరగదు. కొన్నాళ్లకు ఆ కబుర్లు కూడా ఆగిపోతాయి.

సాధారణ కార్యాలయంలో రంగుల పట్టికలు ఉండకపోవచ్చు గానీ, ఫైలు పట్టుకుని తలుపు దగ్గర నిలబడి “సార్, చిన్న పొరపాటు జరిగింది” అనే మనిషి ప్రతిచోటా ఉంటాడు. ఆ క్షణాన అధికారి నోటి నుంచి “ఎవరు చేశారు?” అన్న ప్రశ్న ముందు వస్తుందా, “ఎక్కడిదాకా వచ్చింది?” అన్న ప్రశ్న ముందు వస్తుందా అన్నదాన్ని బట్టి రెండోసారి ఆ తలుపు దగ్గరికి ఎవరైనా వస్తారో రారో తేలుతుంది. మొదటి ప్రశ్న అడగకూడనిదేమీ కాదు, దాని వంతు తర్వాత.

తప్పు భారాన్ని నాయకుడు ఎక్కడ దించుతాడన్నది కూడా ఇందులో భాగమే. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ రెండో దశ అదుపు తప్పి బంగాళాఖాతంలో కూలిపోయినప్పుడు, ఆ ప్రాజెక్టు డైరెక్టర్ అబ్దుల్ కలాం. విలేకరుల ప్రశ్నలకు ఆయనను ఎదురు నిలపకుండా ఇస్రో అధ్యక్షుడు సతీశ్ ధావన్ వైఫల్యాన్ని తన మీద వేసుకుని, మరోసారి విజయం సాధిస్తామని చెప్పారు. బయటి నిందకు అధ్యక్షుడే అడ్డుగా నిలిచాక, లోపల జరిగే సమీక్షలో లోపాలను ఉన్నవి ఉన్నట్టు విప్పి చెప్పడానికి ఇంజినీర్లకు జంకు తగ్గుతుంది. 1980 జులై 18న అదే ఎస్‌ఎల్‌వీ-3 రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపింది. ఆ రోజు విలేకరుల సమావేశానికి ధావన్ కలాంను పంపారు.